ఒక ముక్కంత తేడా

ఖ్రోనింగెన్‌లో ఒక ఆసుపత్రి నేలమాళిగ.
గాలి కూడా లెక్క చెప్పి వెళ్లాల్సిన గది ఒకటుంది అక్కడ.
ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, మందపాటి అద్దం.
అద్దానికి అటు చిట్స్కె, ఇటు నేను.
ఆమె వదిలిన ఊపిరిని గొట్టాలు మోసుకొస్తాయి,
నేను అంకెల్లోకి దించుకుంటాను.
రాత్రి కాపలావాణ్ణి.
కాసేది దొంగల్ని కాదు,
ఒక ఆడమనిషి ఒంట్లో మంటని.

యాభై తొమ్మిదేళ్లు ఆమెకి.
హార్లింగెన్ రేవు వీధిలో రొట్టెల బట్టీ.
"ఊరికంతా పిండి పిసికాను, నేనూ దాంతోపాటే పొంగాను"
ఫారం నింపుతూ నవ్వింది.
యోరిట్ నవ్వలేదు.
ఫారంలో నవ్వుకి గడి లేదు.

మొదటి రోజు రొట్టె, ఉడికిన బంగాళాదుంప, యాపిల్ గుజ్జు.
తెర మీద గీత కాస్త లేచింది, కాసేపు నిలిచింది, దిగిపోయింది.
నూటికి ఏడెనిమిది కూలికి పోయాయి,
తిన్నదాన్ని విడగొట్టి, మోసి, ఎక్కడిదక్కడ సర్దిన కూలి.

రెండో రోజు మీగడ, వెన్న.
గీత బద్ధకంగా ఒత్తిగిలి పడుకుంది.
కొవ్వు అంతే.
చెప్పుల చప్పుడు లేకుండా వచ్చి
తిన్నగా కొట్టుగదిలోకి పోయి కూర్చునే చుట్టం.
రెండో మూడో సుంకం పారేసి
మిగతాదంతా నీదే, దాచుకో, అంటుంది.

మూడో రోజు కాడ్ చేప, గుడ్ల తెల్లసొన, వార్చిన పెరుగు.
అప్పుడు చూడాలి ఆ గీతని!
మాంసకృత్తు మొండిఘటం.
గొలుసు తెంపాలి, పూసపూసా విడదీయాలి,
పనికిరాని నత్రజనిని మూటగట్టి బయటికి సాగనంపాలి,
ఉన్నవాటిని మళ్లీ కొత్త దారానికి గుచ్చాలి.
వంద తెస్తే పాతిక దాకా పనివాళ్లే తినేస్తారు.
రాత్రి పదింటికి చిట్స్కె దుప్పటి తన్నేసింది.
అద్దం తీయవా, అని సైగ చేసింది.
అది తీసే అద్దం కాదు.

ఇంకో సంగతి చెప్పాలి.
మూడు రాత్రులూ రెండుంబావుకి
గీత తనంతట తాను లేచింది.
తిండి ఎప్పుడో అరిగిపోయిన వేళ.
మొదటి రాత్రి యంత్రాన్ని అనుమానించాను.
రెండో రాత్రి గొట్టాల బిగింపులన్నీ తడిమి చూశాను.
మూడో రాత్రి అద్దానికి నుదురు ఆనించాను.

బల్ల ముందు నిలబడి ఉంది.
కళ్లు మూసుకునే ఉన్నాయి.
మోచేతుల దాకా చొక్కా మడిచి,
ఖాళీ బల్ల మీద ఖాళీని
నొక్కుతోంది, మడుస్తోంది, తిప్పుతోంది, మళ్లీ నొక్కుతోంది.
భుజాలు ఊగుతున్నాయి.
మూడుంబావుకి చేతులు దులుపుకుని పడుకుంది.

పొద్దున్న అడిగాను.
"బట్టీ అమ్మేసి పధ్నాలుగు నెలలు" అంది,
అడిగినదానికి జవాబు అదే అన్నట్టు.

"ఆ గంట కొట్టేయ్" అన్నాడు యోరిట్.
"తిండి రాజేసిన మంట కాదది. లెక్క పాడవుతుంది."
కొట్టేశాను.
అతను అన్నది నిజమే.
గంటసేపటి ఆ ఖర్చు చేప ఖాతాలో రాయలేం,
రొట్టె ఖాతాలోనూ రాయలేం.

తూకం యంత్రం ఎక్కి దిగింది.
మూడు వందల గ్రాములు తగ్గింది. అదీ నీరే.
కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగింది:
"అయితే చేపలు తింటే సన్నబడతానా?"

తేడా ఉంది, అన్నాను.
కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది, అదొక లాభం.
కానీ అరుగుదలలో కాలిపోయేది మాత్రం
రోజు మొత్తానికి చూసుకుంటే
ఒక రొట్టె ముక్కంత.

గుండీ దగ్గర వేళ్లు ఆగాయి.
"ఎవరు కోసిన ముక్క?"